నీటికి జల్లెడ

నౌపడ ఉప్పుమడులలో పనిచేయువారికి ఒక సత్యము ఎవరును చెప్పకయే తెలియును. ఉప్పునీటిని ఎంత దళసరి గుడ్డలో వడగట్టినను మట్టియు నలుసులును గుడ్డపై నిలుచును. ఉప్పు మాత్రము నీటితోపాటు దిగిపోవును. నీటిని శుద్ధిచేయుటకు మానవుడు సాగించిన యత్నముల చరిత్రలోను సమస్యలు ఈ రెండే: కంటికి కనబడు మురికి ఒకటి, నీటిలో కరగి కానరాని దోషము రెండవది.

మొదటిదానికి మన పూర్వులు ఉపాయములు ఎరిగియేయుండిరి. బురదనీటిని తేర్చుటకు సుశ్రుతసంహిత కతకఫలమును చెప్పినది. మనము ఇండుపగింజ యనునది అదియే. బిందె మూతికి గుడ్డ కట్టి నీరు పట్టుట మన ఇండ్లలో పాత అలవాటు. ఇట్టి అలవాటు విలువను రీటా కోల్వెల్ బృందము 2003లో లెక్కగట్టి ప్రకటించినది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతమున 65 గ్రామములలో జరిపిన పరీక్షలో, పాత నూలుచీరను మడతలుపెట్టి నీరు వడగట్టినవారిలో కలరా 48 శాతము తగ్గినది. గుడ్డ సందులకంటె కలరా క్రిమి చిన్నదే. కాని అది అంటిపెట్టుకొనియుండు సూక్ష్మ జలచరములు మడతలలో చిక్కుకొనినవి.

నూలుచీరకును, కొబ్బరిపీచుకును, కలపకును మూలద్రవ్యములలో ముఖ్యమైనది ఒకటే. దానిని 1838లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పేయెన్ వేరుచేసెను. అదియే సెల్యులోజ్. 1983లో అమెరికాలో టర్బాక్ ప్రభృతులు కలపగుజ్జును తీవ్రమైన ఒత్తిడితో ఇరుకు సందుగుండ పంపి, దానిని అతిసన్నని పోగులుగా విప్పు విధానమును ప్రకటించిరి. 2006లో టోక్యో విశ్వవిద్యాలయమున సైతో, ఇసోగాయ్ ప్రభృతులు రసాయనచర్య తోడుచేసి, మూడు నాలుగు నానోమీటర్ల వెడల్పుగల పోగులను సాధించిరి. మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు నానోమీటరు.

ఈ పోగుల గుజ్జును గడ్డకట్టించి, అల్లిక కుంగకుండ ఆరబెట్టినచో తేలికైన స్పంజి ఏర్పడును. ఇందు సందులకంటె పోగుల పైపొర ముఖ్యము. దానిపైనుండు ఋణవిద్యుదంశము సీసము, రాగి వంటి లోహముల ధనకణములను నీటినుండి తనవైపు లాగుకొనును. గుడ్డకు సాధ్యముకాని పని ఇదియే. అయినను దీనికిని హద్దులున్నవి. పోగులు నిండినపిమ్మట స్పంజిని శుభ్రపరుపవలెను, లేదా మార్చవలెను. ఉప్పదనముగల నీటిలో లవణకణములును చోటుకై పోటీపడును. తీరప్రాంతమువారు ఇది గమనింపదగినది.

నౌపడకు ఉత్తరముగానున్న ఉద్దానమున పీచుకు కొదవలేదు. కాని కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములను దశాబ్దములుగా పీడించుచున్న మూత్రపిండముల వ్యాధికి కారణము నిశ్చయముగా తేలలేదు. అనుమానింపబడిన వానిలో నీరును ఒకటి. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని గొట్టములద్వారా తెచ్చు పథకము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. కారణము తెలియకున్నను మంచినీరు ఇచ్చుటకు ఆలస్యము తగదు. అది సరియైన మార్గమే. కాని ఏ జల్లెడయైనను దేనిని పట్టవలెనో తెలిసినప్పుడే పూర్తిగా పనికివచ్చును. కనుక ఉద్దానపు బావులనీటిని ఓపికతో పరీక్షించు పని, క్రొత్త జల్లెడను కనుగొను పనికంటె చిన్నది కాదు.