బడులు మూసిన కాలమున ఉపాధ్యాయ విద్యార్థులు

ఉపాధ్యాయ శిక్షణ చరిత్రలో చెన్నపట్టణమునకు విశిష్టమైన స్థానము కలదు. 1789లో ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఇచటి వీథిబడులలో పిల్లలు ఇసుకపై అక్షరములు దిద్దుచుండుట చూచి, ఆ విధానమును తన బడిలో ప్రవేశపెట్టదలచెను. జీతమునకు కుదిరిన ఉపాధ్యాయులు అందుకు సుముఖులు కాకపోగా, చదువు వచ్చిన పిల్లవానిచేతనే తక్కిన పిల్లలకు చెప్పించెను. 1797లో ఆయన లండనున ప్రకటించిన గ్రంథము వలన ఇది ‘మద్రాసు పద్ధతి’ యను పేర ఆంగ్లదేశమున వ్యాపించెను. ఇందలి మర్మము చిన్నదే: పాఠము చెప్పుట యనునది చెప్పుటవలననే వచ్చును. 1856లో మద్రాసున వెలసి తరువాత సైదాపేటకు తరలిన శిక్షణ సంస్థ గాని, పందొమ్మిదవ శతాబ్ది చివర రాజమహేంద్రవరమున నెలకొన్న ట్రెయినింగు కళాశాల గాని ఈ మర్మమును విడువలేదు. శిక్షణ పొందువాడు నిజమైన బడికి పోవలెను. అందు నిజమైన పిల్లలుండవలెను.

పట్టాను విశ్వవిద్యాలయ మిచ్చును. ‘మాస్టారూ’ అను పిలుపును మాత్రము పిల్లలే ఇత్తురు. తెలంగాణమున ‘సార్’ అందురు, స్త్రీలైనచో ‘టీచర్’ అందురు. పేరేదైనను, ఆ పిలుపు మొదటిసారి చెవిని పడిన దినమున విద్యార్థి ఉపాధ్యాయు డగును. క్రిటిసిజం లెసన్ నాడు వెనుక బల్లపై ఆచార్యుడు కాగితము పట్టుకొని కూర్చుండగా, చేతిలోని సుద్దముక్క విరిగి, ముందు వరుసలోని పిల్లలు కిసుక్కున నవ్వగా, ఆ నవ్వును అణచుటయా, తానును నవ్వుటయా అని క్షణకాలములో నిర్ణయించుకొన్నవారు ఆ విద్యను ఏ గ్రంథమునుండియు నేర్వలేదు.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి దీనిని గుర్తించియే, 2014 నాటి నిబంధనలతో బి.ఎడ్. చదువును ఒక సంవత్సరమునుండి రెండు సంవత్సరములకు పెంచి, అందు 20 వారములు క్షేత్రానుభవమునకు కేటాయించెను. వానిలో 16 వారములు రెండవ సంవత్సరమున బడిలోనే గడుపవలసిన ఇంటర్న్‌షిప్పు. 2019లో చేరినవారు రెండవ సంవత్సరమునకు వచ్చునప్పటికి బడులు లేవు. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి వలన దేశమంతట అవి మూతపడి యుండెను.

పిమ్మట జరిగినది చరిత్రకారుడు శ్రద్ధతో వ్రాసి యుంచదగినది. పాఠములు ఫోనులోనికి మారెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో జరిగిన అసర్ సర్వే ననుసరించి గ్రామీణ భారతమున బడిలో పేరున్న పిల్లల ఇండ్లలో నూటికి 62 ఇండ్లకే స్మార్టుఫోను కలదు. ఉన్న ఇంటనైనను అది తరచు తండ్రి జేబులోనిది. తెలంగాణమున సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారముల ద్వారా పాఠములు నడచెను. వానిని చెప్పువారు అనుభవజ్ఞులు. శిక్షణలో ఉన్నవానికి అందు చోటెక్కడిది? అతడు తనవంటి ఛాత్రోపాధ్యాయులనే తెరపై కూర్చుండబెట్టి, వారు ఆరవ తరగతి పిల్లలనుకొని భిన్నములు చెప్పెను. ఈ పద్ధతి క్రొత్తది కాదు. సూక్ష్మబోధన అను పేర 1960 దశకమున అమెరికాలోని స్టాన్‌ఫర్డులో రూపొంది మన కళాశాలలకు వచ్చినదే. కాని అది బడికి పోవుటకు ముందు చేయు సాధన. ఆ ఏడు పలుచోట్ల సాధనయే పరీక్షయు నాయెను. పట్టభద్రులైన మిత్రులు ఎంత నేర్పుగా పిల్లల వేషము వేసినను, భిన్నము అర్థముకాక బిక్కమొగము వేయుట వారి చేత కాదు గదా!

దీనికన్న లోతైన గాయము వేరొకటి కలదని నా అభిప్రాయము. బదిలీలపై ఊరూరు తిరుగు మన ఉద్యోగుల కుటుంబములలో బి.ఎడ్. పట్టాకు గల గౌరవము పాఠకు లెరుగనిది కాదు. ఏ ఊరికి పోయినను బడి యుండును, బడి యున్నచోట పని దొరకును అను నమ్మకమే దానికి మూలము. 2020లో ఆ నమ్మకము చలించెను. ప్రయివేటు బడుల ఉపాధ్యాయులు జీతములు లేక కూరగాయ లమ్మిరి, కూలికి పోయిరి. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము గుర్తింపు పొందిన ప్రయివేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ప్రకటించెను. ఆ సాయము అవసరమైనదే. కాని తాను రేపు చేరబోవు వృత్తిలోని పెద్దలు బియ్యమునకై పేర్లు నమోదు చేయించుకొనుచుండగా చూచిన ఇరువది రెండేండ్ల యువతి, తన్ను తాను ‘టీచర్’ అని చెప్పుకొనుటకు సంకోచించినచో ఆమె తప్పేమి?

లాభము లేకపోలేదు. ఈ తరమువారు దృశ్యపాఠము తయారుచేయుటలో తమ ఆచార్యులకే గురువులైరి. ఫోను పట్టుకొన్న పిల్లవాని ప్రక్కన తల్లియు వినుచుండుటచే, ఇంటివారితో మాటలాడు విద్య ముందుగానే అలవడెను.

2021 జూనులో కేంద్ర విద్యాశాఖ టెట్ అర్హతపత్రమునకు ఏడేండ్ల గడువు తీసివేసి, అది జీవితాంతము చెల్లునని ప్రకటించెను. పత్రము చిరంజీవి యైనది. ఆంధ్రప్రదేశమున ఆగస్టు 16న, తెలంగాణమున సెప్టెంబరు 1న బడులు మరల తెరచిరి. బడికి పోక పట్టా పుచ్చుకొన్నవారు కొందరు ఉపాధ్యాయులై తరగతిలో అడుగిడిరి. ఎదుట కూర్చున్న మూడవ తరగతి పిల్లలు ఒకటవ తరగతి చివర బడి విడిచినవారు. వరుసలో నిలుచుట మరచినవారు. ఇరుపక్షముల ముఖములకును మాస్కులు. పాఠము తెలిసినదో లేదో పిల్లల కండ్లను బట్టియే గ్రహింపవలసి యుండెను.