హిప్పీలు, దిగంబరులు, శ్రీకాకుళపు కొండలు

చెవులు దాటి జుట్టు పెంచిన ప్రతి కుర్రవాణ్ణీ ‘హిప్పీ వెధవ’ అనడం 1970ల్లో మా విజయనగరం ప్రాంతపు పెద్దలకు అలవాటు. ఆ మాట ఏ ఊళ్ళో, ఎందుకు పుట్టిందో అన్నవారికీ తెలియదు, పడ్డవారికీ తెలియదు. జులపాలూ, బెల్‌బాటం ప్యాంట్లూ, 1971లో వచ్చిన ‘హరే రామ హరే కృష్ణ’ అనే హిందీ చిత్రమూ మన సీమకు చేరేనాటికి, అమెరికాలో ఆ ఉద్యమానికి పాడె కట్టడం కూడా అయిపోయింది. ఇది అతిశయోక్తి కాదు. పత్రికలు తమను బజారు సరుకు చేశాయన్న ఏవగింపుతో, 1967 అక్టోబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేటలో వారే ‘హిప్పీ’కి శవయాత్ర జరిపారు.

ఆ వృక్షానికి వేళ్ళు మాత్రం చాలా లోతున ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికా మునుపెన్నడూ ఎరుగని సంపద చూసింది. 1946-64 నడుమ అక్కడ పుట్టిన శిశువులు సుమారు 7.6 కోట్లు. సొంత ఇల్లు, కారు, టెలివిజన్, ఆపైన కాలేజీ చదువు అన్నీ అమరిన మధ్యతరగతి ఇళ్ళలో పెరిగిన ఆ తరానికి, యౌవనం రాగానే ఎదురైనది వియత్నాం యుద్ధానికి పిలుపు కాగితం. ఈ వైభవమంతా ఇందుకా అన్న విరక్తి అక్కడ మొదలైంది. ఆ విరక్తికి భాషనిచ్చినవారు బీట్ కవులు. 1956లో అచ్చయిన గిన్స్‌బర్గ్ ‘హౌల్’ వారి పతాక. ధైర్యమిచ్చింది నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం. తాత్త్వికత కోసం వారు తూర్పుకు తిరిగారు. ఈ చివరి వేరులో ఒక పాయ మనది సుమండీ! మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు 1922లో కాలిఫోర్నియాలోని ఓహై లోయకు వెళ్ళి, తరువాత దానినొక నివాసంగా చేసుకున్నారు. తమను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను 1929లో తామే రద్దు చేశారు. పెద్దల మీద నమ్మకం సడలిన పిల్లలకు అటువంటివారి మాట రుచించడంలో వింత లేదు.

తెలుగునాట ఆ దశాబ్దపు ధిక్కారం దిగంబర కవుల రూపంలో వచ్చింది. దిక్కులే అంబరముగా గలవాడు దిగంబరుడు, బహువ్రీహి. (భాషాప్రవీణ చదివినవాడికి విగ్రహవాక్యం చెప్పకుండా ముందుకు సాగడం కష్టం.) వారి తొలి సంపుటిని 1965 మే నెలలో హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడు, రెండవదాన్ని 1966 డిసెంబరులో విజయవాడలో ఒక హోటలు క్లీనరు, మూడవదాన్ని 1968 సెప్టెంబరులో మన విశాఖపట్నంలో ఒక బిచ్చగత్తె ఆవిష్కరించారు. బీట్ కవులకూ హిప్పీలకూ ఇది అనుకరణ అని విమర్శకులు తేల్చేశారు. గిన్స్‌బర్గ్ 1962-63లో కలకత్తా, కాశీలలో మకాం వేసిన మాట నిజమే కనుక ఆ అనుమానానికి చోటుంది. వారి బూతు నాకు ఏనాడూ మింగుడుపడలేదని కూడా చెప్పాలి. కాని ఆ ఆరుగురూ మొదట వదిలినదేమిటో చూడండి. యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, వీరరాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు. అమెరికా కుర్రవాడు తండ్రి సంపాదించిన సుఖాన్ని వదిలాడు. మనవాడు పేరు చివరి కులాన్ని వదిలాడు. అవసరం వేరు, కనుక వేరూ వేరే. స్వాతంత్ర్యం ఇస్తానన్నది ఇరవై ఏళ్ళయినా ఇవ్వలేదన్న ఉక్రోషం అరువు తెచ్చుకునే వస్తువు కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడె లేచిన ఇరవై అయిదు రోజులకే, 1967 అక్టోబరు 31న, అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలో లేవిడి వద్ద, మొండెంఖల్లు గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న కోరన్న, మంగన్న భూస్వాముల తుపాకులకు బలయ్యారు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లోనే చట్టం ఉన్నా, అప్పు కింద పంటా, పంట వెనుక భూమీ షావుకార్లకు పోతూనే ఉన్నాయి. అమెరికాలో ఉన్నవాడి బిడ్డ నగరం విడిచి కొండల్లో కమ్యూను కట్టుకున్న కాలంలో, ఇక్కడ సవర, జాతాపు రైతులు కొండమీద తమ పొలం తమకు దక్కాలని అడిగారు. వారిని కూడగట్టిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్ళు! 1970 జూలైలో పోలీసుల చేతిలో వారిద్దరూ మరణించారు. వారు చివరికి పట్టిన ఆయుధమార్గాన్ని నేను సమర్థించలేను. అయినా నలభై మంది పిల్లల ముందు పాఠం చెప్పిన ఆ మనుషులు ఆ దారికెందుకు వెళ్ళారన్న ప్రశ్న, అదే వృత్తిలో బతికిన నన్ను విడిచిపెట్టలేదు. భూబదలాయింపు నిబంధనలకు పదునుపెట్టిన 1/70 ఆ ఏడాదే వచ్చింది.

దిగంబరులకు అసలు పరీక్ష ఆ కొండల నుంచే ఎదురైంది. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి వేళ, రచయితలారా మీరు ఎవరి పక్షమని నిలదీస్తూ విద్యార్థులు కరపత్రం పంచారు. జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు అందులోకి నడిచారు. భైరవయ్య, మహాస్వప్న వెళ్ళలేదు. దిగంబర కవుల నాలుగవ సంపుటి రాలేదు.