మాల్దీవులకు వచ్చిన అతిథులు

మన భాషలో ‘ద్వీపాంతరవాసము’ అను మాట యొకటి కలదు. అది విహారమునకు పేరు కాదు, శిక్షకు పేరు. మన తాతల కాలమున న్యాయస్థానములో ఆ మాట వినబడినచో బయట నిలిచిన బంధువులు గొల్లుమని ఏడ్చెడివారు. 1922-24 నాటి మన్యపు పితూరీలో పట్టుబడినవారిలో కొందరిని అండమాను దీవులకు పంపిరి. చుట్టును సముద్రము, తనవారు లేని నేల, తిరిగివచ్చు దారి తన చేతిలో లేకపోవుట - ఇంతకు మించిన దుఃఖము మనిషికి లేదని నాటివారి తలంపు. నేడో, అట్టి సముద్రము నడుమ, అట్టి నిర్జన ద్వీపమున నాలుగు దినములు గడుపుటకై కొత్తగా పెండ్లియైన దంపతులు ఏడాది పొడుగునా సొమ్ము కూడబెట్టుచున్నారు. హైదరాబాదునుండియు విశాఖపట్టణమునుండియు మాల్దీవులకు పోయి, నీటిమీద కట్టిన కుటీరములో దిగి, ఛాయాచిత్రములు తెచ్చి చుట్టపక్కాలకు చూపువారు మా శ్రోతలలోను ఉందురు. నాటి శిక్ష నేటి విలాసముగా ఎట్లు మారెను? ఆ ఏకాంతమును ఎవరు తయారుచేసిరి? దీనిని గూర్చి కొంత ముచ్చటించుకొందము.

మాల్దీవులు కన్యాకుమారికి నైరుతి దిశగా, హిందూమహాసముద్రమున ఉత్తరమునుండి దక్షిణమునకు 800 కిలోమీటర్లకు పైగా వ్యాపించిన పగడపు దీవుల వరుస. మాలవలె గ్రుచ్చినట్లుండుటచేత మాలాద్వీపమను పేరు కలిగెనని కొందరి అభిప్రాయము. దీవులు మొత్తము 1,192. జనులు కాపురముండునవి రెండు వందలకు లోపే. నేల యంతయు కలిపినను 300 చదరపు కిలోమీటర్లు కాదు. ఇవి వలయములు వలయములుగా ఏర్పడియున్నవి. ఆ వలయమునకు అచటి దివేహి భాషలో ఉన్న పేరే ఇంగ్లీషులో ‘అటాల్’ అయి ప్రపంచ భూగోళశాస్త్రమునకెక్కెను. ఇక ఎత్తు సంగతి. మన పల్లెలలో వీధి అరుగుమీద నిలిచిన మనిషి తల ఆ దేశమున సహజముగా ఏర్పడిన నేలలో దాదాపు అంతటికంటె ఎత్తుననే ఉండును.

ఈ దీవులతో మనకొక పాత చుట్టరికము కలదు. ‘చేతిలో చిల్లిగవ్వ లేదు’ అని మనము దినమును అనుకొను మాటలోని గవ్వ ఒకనాటి నాణెమే. ఆ నాణెమునకు టంకశాల మాల్దీవుల కడలి. అమావాస్యకును పౌర్ణమికిని అటునిటు దినములలో అచటి స్త్రీలు నడుములోతు నీటిలో దిగి గవ్వలు ఏరెడివారు. ఒడ్డున గోతులు త్రవ్వి పూడ్చి, లోపలి పురుగు చివికిపోయిన పిదప తీసి కడిగి, ఓడల కెక్కించెడివారు. అవి వంగదేశమునకు పోయి బియ్యమై తిరిగి వచ్చెడివి. మన పొరుగున ఓఢ్రదేశములో 19వ శతాబ్ది ఆరంభమువరకు శిస్తులు గవ్వలలోనే చెల్లెను. రూపాయికి 5,120 గవ్వలని లెక్క. కుంఫిణీవారు ఆ లెక్క రద్దుచేసి వెండి రూపాయలు తెమ్మనుట 1817లో ఖుర్దా పైకులు తిరుగబడుటకు గల కారణములలో నొకటి. ఇంత చెప్పుటకు కారణమేమనగా, లోకమునకు దూరముగా పడియున్న దీవులని నేటి ప్రకటనపత్రములు వర్ణించు ఈ దేశము లోకపు అంగడికి ఎన్నడును దూరముగా లేదు. దూరము అనునది తరువాత కల్పించిన సరుకు.

ఈ దీవులలో బస చేసి ఆ అనుభవమును గ్రంథస్థము చేసిన పూర్వపు అతిథులలో ఇబ్న్ బతూతా ప్రసిద్ధుడు. ఈ మొరాకో యాత్రికుడు 1343లో వచ్చెను. ఢిల్లీలో ఖాజీగా ఉండినవాడని తెలియగానే దీవులవారు ఆయనను విడువలేదు. న్యాయాధిపతిగా నిలిపిరి, ఉన్నత కుటుంబములవారు పిల్లనిచ్చిరి. అప్పుడు సింహాసనమున ఉన్నది ఖదీజా అను రాణి. ఆయన కొంతకాలము ఉండి, మంత్రితో చెడి, 1344లో వెడలిపోయెను. ఆయన వ్రాతలో రెండు సంగతులు మాకు మిక్కిలి రుచించినవి. ఒకటి, ఈ దేశమున గొప్పవారును సామాన్యులును ఒకే తీరున చెప్పులు లేక నడుతురని, వీధులు ఊడ్చి చెట్లనీడతో ఉండుటచేత తోటలో తిరిగినట్లుండునని ఆయన మెచ్చుకొనెను. రెండవది, అచటి స్త్రీలు నడుమునకు దిగువ మాత్రమే వస్త్రము ధరింతురని నొచ్చుకొని, మార్చవలెనని ఆజ్ఞలిచ్చి, సాగింపలేకపోయెను. ఆరున్నర శతాబ్దులు గడచినవి. ఇప్పుడు స్థానిక స్త్రీలు నిండుగా కప్పుకొందురు. పరదేశపు అతిథులు ఊరిలో తిరుగునప్పుడు కొంచెము ఒళ్లు కప్పుకొనుడని ఊరివారే పలకలు వ్రాసి పెట్టుచున్నారు.

రెండవ అతిథి ఇష్టపడి వచ్చినవాడు కాడు. 1602 జూలైలో ‘కోర్బిన్’ అను ఫ్రెంచి ఓడ ఇచటి పగడపు తిన్నెకు తగిలి పగిలెను. నావికులలో అనేకులు జ్వరములపాలై చనిపోయిరి. మిగిలినవారిలో ఫ్రాన్సువా పిరార్ అనువాడు భాష నేర్చి, రాజు దయకు పాత్రుడై, ఐదేండ్లు మాలె పట్టణమున గడపెను. అన్నియు ఉన్నవి, పోవుటకు సెలవు మాత్రము లేదు. 1607లో వంగదేశపు ఓడలు వచ్చి దీవిని కొల్లగొట్టి, రాజును చంపి, ఇతనిని చిట్టగాంగు తీసికొనిపోయినప్పుడే ఇతనికి విడుదల. ఒకే యేడాదిలో ముప్పది నలుబది ఓడలు గవ్వల నెత్తుకొని వంగదేశమునకు పోవుట చూచితినని ఈతడు వ్రాసెను. నేటి అతిథికిని పిరారునకును భేదము, విమానపు టిక్కెట్టులో తిరుగుప్రయాణపు తేదీ ముందే అచ్చుపడియుండుట. ద్వీపము మారలేదు.

బ్రిటిషు రక్షణనుండి మాల్దీవులు 1965 జూలై 26న స్వాతంత్ర్యము పొందెను. గవ్వల వర్తకము ఏనాడో పోయినది. మిగిలినది చేప. ఉడికించి, పొగబెట్టి, కట్టెవలె ఎండబెట్టిన చేపను సింహళమున కూరలలో వేసికొందురు. ఆ సింహళమే విదేశమారకము చాలక 1970 ప్రాంతమున కొనుగోలు తగ్గించెను. దేశమునకు మరి దిక్కేది? 1960 దశకమున ఐక్యరాజ్యసమితి పంపిన నిపుణులు వచ్చి చూచి, విహారయాత్రికులను పిలుచుటకు ఈ దేశము తగదని చెప్పి పోయిరట. వారి మాటయు అప్పటికి నిజమే. బ్యాంకు లేదు, సరియైన విమానాశ్రయము లేదు, టెలిఫోను లేదు.

అట్టి స్థితిలో 1971లో జార్జి కోర్బిన్ అను ఇటలీ యాత్రావర్తకుడు కొలంబోలో మాల్దీవుల దౌత్యకార్యాలయమున పనిచేయు అహ్మద్ నసీమ్ అను యువకుని కలిసికొనెను. పగిలిన ఓడ పేరును ఇతని యింటిపేరును ఒకటే యగుట కేవలము కాకతాళీయము, అయినను చరిత్ర అప్పుడప్పుడిట్టి చమత్కారములు చేయును. 1972 ఫిబ్రవరిలో కోర్బిన్ ఇరువదిమందికి పైగా మిత్రులను, పత్రికలవారిని వెంటబెట్టుకొని వచ్చెను. వారు దిగినది మాలెలో మనుష్యులు కాపురమున్న ఇండ్లలోనే. తొలి అతిథులు ఊరిలోనే, ఊరివారి నడుమనే పండుకొనిరి. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

అదే యేడు అక్టోబరులో మాలెకు దగ్గరనున్న విహమనాఫుషి అను దీవిలో ‘కురుంబా’ అను విహారవసతి, నేటివారి మాటలో రిసార్టు, తెరచిరి. కురుంబా యనగా వారి భాషలో లేత కొబ్బరిబోండము. నసీముతోపాటు ముహమ్మద్ ఉమర్ మణికు, హుసేన్ అఫీఫ్ అనువారు దీనికి పూనుకొనిరి. పగడపు రాతిగోడలు, కొబ్బరాకు కప్పు, ముప్పది గదులు. పడవనుండి దిగుటకు రేవు లేకపోవుటచే అతిథులు నడుములోతు నీటిలోనికి దుమికి ఒడ్డు చేరెడివారు. బయటి లోకముతో మాటలాడుటకున్న సాధనము రేడియో ఒక్కటే. మోర్సు సంకేతములతో కొలంబోకు వార్త పంపెడివారు. రేడియోపని చేయు మాకు ఈ సంగతి చదువగా కొంత గర్వము కలిగినదని దాచనేల? ఆ యేడు దేశమునకు వచ్చిన యాత్రికులు వేయి మందికి అటునిటు. 2024లో వచ్చినవారు ఇరువది లక్షలకు పైన.

ఈ వృద్ధికి మూలమైనది ఒక నియమము: ఒక దీవికి ఒక విహారవసతి. నిర్జన ద్వీపము ప్రభుత్వపు సొత్తు. దానిని కౌలునకిత్తురు. తీసికొన్నవాడు విద్యుత్తు, మంచినీరు, పడవలు అన్నియు తానే సమకూర్చుకొనవలెను. కట్టడములు నేలలో ఐదవవంతు మించరాదని, చెట్లకంటె ఎత్తు పోరాదని నిబంధనలు చేసిరి. ఇవి మెచ్చదగినవే. మన తీరములలో కొన్నిచోట్ల ఇసుకమీదికే గోడలు పెరుగుట చూచినవారికి వీటి విలువ తెలియును. కాని ఈ ఏర్పాటునకు రెండవ ముఖము కలదు. స్థానికులకు నిషిద్ధమైన మద్యము ఆ దీవులలో చెల్లును. ఊరి దీవులలో అతిథులు బస చేయుట మాత్రము 1980 దశకమునుండి ఆగిపోయెను. ధర్మము చెడకుండ కాపాడుట కని పాలకులు చెప్పిరి. ఫలితమేమి? అతిథి దేశమునకు వచ్చును, దేశమును చూడడు. జాలరి కుమారుడు విహారవసతిలో పళ్లెములు మోయును, నెలల తరబడి యింటికి రాడు. అతని తల్లికి ఆ అతిథి యెట్లుండునో తెలియదు. అతిథి సొమ్ముతో దేశమున బడులు, వైద్యశాలలు వెలసినవి, అది కాదనరాదు. అయినను ఏకాంతమనునది ప్రకృతి ఇచ్చినది కాక, ఒక జనసమూహమును కనబడకుండ తప్పించి కల్పించినదని మా అభిప్రాయము.

విలాసమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. నీటిమీది కుటీరము మాల్దీవుల సొంతము కాదు. 1967లో ఫ్రెంచి పాలినీషియాలోని రాయియాటే దీవిలో ముగ్గురు అమెరికనులు మొదట కట్టినది. 1995లో సోను శివదాసాని దంపతులు కున్ఫునదూ దీవిలో సోనేవా వసతి తెరచి ‘చెప్పులు లేవు, వార్తలు లేవు’ అను మాటను ఆకర్షణగా చేసిరి. దీవిలో దిగగానే అతిథి చెప్పులు విప్పి సంచిలో వేయించుకొందురు. ఇబ్న్ బతూతా నాడు ఉచితముగా చూచిన పాదచారము దినమునకు వేలకొలది రూపాయల సేవగా మారెను.

2009లో ఊరి దీవులలోను అతిథిగృహములు పెట్టుకొనవచ్చునని ప్రభుత్వము అనుమతించెను. మాఫుషి అను దీవి ఇందులో ముందడుగు వేసెను. ఆ దేశపు పెద్ద చెరసాల ఉన్నదియు ఆ దీవిలోనే. అచట సామాన్యపు గృహస్థుడు నాలుగు గదులు కట్టి అద్దెకిచ్చుచున్నాడు. అతిథుల స్నానమునకు తీరమున ఒక భాగము మరుగుకట్టి వేరుచేసిరి. మధ్యతరగతి యాత్రికులకును, ఊరివారికిని ఇది మేలే చేసినదని తోచుచున్నది.

ఇక నీరు. పగడపు దీవిలో ఉప్పునీటిమీద తేలియాడు పలుచని మంచినీటి పొర తప్ప ఏరు లేదు, చెరువు లేదు. అది చెడినచో సముద్రపు నీటిని యంత్రములతో మంచినీరు చేసికొనవలసినదే. 2014 డిసెంబరులో మాలెలోని అట్టి యంత్రశాలలో మంట రేగి, లక్షమందికి పైగా ప్రజలకు త్రాగునీరు కరవయ్యెను. మన దేశము విమానములలోను ఓడలలోను నీరు పంపెను. తమ యంత్రములు తమకే ఉన్న విహారవసతులకు ఈ కష్టము లేదు. చెత్త సంగతియు ఇట్టిదే. 1992 నుండి నగరపు చెత్తయు వసతుల చెత్తయు తిలఫుషి అను చోట లోతులేని నీటిలో పోయగా పోయగా ఒక దీవియే పుట్టెను. అచటికి ఏ యాత్రావర్తకుడును అతిథులను కొనిపోడు.

సముద్రము మాత్రము అతిథి దీవియని, ఊరి దీవియని భేదము చూపదు. 1987 ఏప్రిలులో పెద్ద అలలు మాలెను, విమానాశ్రయమును ముంచెను. 1998లో నీరు వేడెక్కి, లోతులేని చోట్ల పగడములలో అధికభాగము తెల్లబారి చచ్చెను. ఆ పగడమే దీవికి గోడ. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఎనుబదిమందికి పైగా మరణించిరి. పలు విహారవసతులు కొంతకాలము మూతబడి, బీమా సొమ్ముతోను కొత్త పెట్టుబడితోను మరల తెరచుకొనెను. రా వలయములోని కందొళుదూ అను జాలరుల దీవికి ఆ భాగ్యము లేదు. నాలుగు వేలమందికి చేరువగా జనులున్న ఆ దీవి కాపురమునకు పనికిరాకుండ పోయెను. వారు ఇతర దీవులలో తాత్కాలికపు పాకలలో నాలుగేండ్లకు పైగా గడపిరి. చివరకు అదే వలయమున దువాఫరు అను నిర్జన ద్వీపమును ప్రభుత్వము వారికి కేటాయించగా, రెడ్‌క్రాసు సంస్థవారు అచట సుమారు 600 ఇండ్లు కట్టించిరి. విహారవసతికి కౌలునకీయదగిన దీవి అది. 2009 మార్చిలో అచట గృహప్రవేశము చేసినవారు జాలరులు.