వెళ్ళొస్తాం! వెళ్ళొస్తాం!

న్యూకాసిల్‌కు తూర్పున, టైన్ నది సముద్రంలో కలిసే చోట నార్త్ షీల్డ్స్ ఉంది. అక్కడి డాక్‌రే స్క్వేర్‌లో స్టాన్ లారెల్ చిన్నతనంలో కొన్నేళ్ళు పెరిగారు. తండ్రి ఆర్థర్ జెఫర్సన్ ఆ ఊరి థియేటర్ రాయల్‌ను నడిపేవారు.

లారెల్, హార్డీ నటించిన 'పర్‌ఫెక్ట్ డే' 1929లో విడుదలైంది. నిడివి ఇరవై నిమిషాలే. ఆదివారంనాడు మిత్రులిద్దరూ, భార్యలూ, కాలికి కట్టుతో మూలిగే మామయ్యా వనభోజనానికి కారెక్కుతారు. సాండ్‌విచ్‌లు ముందే నేలపాలు. తరువాత టైరు గొడవ, ఇంజను మొరాయింపు, పక్కింటాయనతో కిటికీ అద్దాలు పగిలే పోట్లాట. మధ్యమధ్య ఇరుగుపొరుగుకు 'గుడ్‌బై, గుడ్‌బై!' చివరికి కారు కదిలి, నీటిగుంటలో మునిగిపోతుంది. వనభోజనం జరగనే లేదు.

సాయంత్రపు తెలుగు తరగతిలో మేము ఈ చిత్రం ముచ్చట చెబుతుంటాం. తెలుగువారు గడప దాటుతూ 'వెళ్తాం' అనరు, 'వెళ్ళొస్తాం' అంటారు. కోరంగి రేవులో మారిషస్ ఓడ ఎక్కిన మన పూర్వులూ ఆ మాటే అని ఉంటారు. చాలామంది తిరిగి రాలేదు. 1910లో ఫ్రెడ్ కార్నో బృందంతో, చాప్లిన్‌తో కలిసి అమెరికా వెళ్ళిన లారెల్ తరువాత అక్కడే స్థిరపడ్డారు. అయినా 1932లో హార్డీని వెంటబెట్టుకుని నార్త్ షీల్డ్స్ వచ్చారు. 1947లో ఇద్దరూ న్యూకాసిల్ ఎంపైర్ వేదిక ఎక్కారు. ఇప్పుడు డాక్‌రే స్క్వేర్‌లో ఆయన విగ్రహం ఉంది.

మన పిల్లలకు ఈ చిత్రం చూపించండి. నవ్వడానికి వారికి ఏ భాషా అక్కరలేదు. నవ్వులయ్యాక మాత్రం, ఆ గుడ్‌బైని తెలుగులో ఏమంటామో అడగండి. మన ఇళ్ళలో చాలా మాటలు పోయాయి. ఇది పోకూడదు.