అత్తకు 37, అల్లుడికి 39

1962 జూన్‌లో ‘గుండమ్మ కథ’ విడుదలయ్యేనాటికి గుండమ్మగారికి, అంటే సూర్యకాంతానికి, 37 ఏళ్లు. ఆవిడ ఇంట్లో పనివాడిగా చేరి, రుబ్బురోలు దగ్గర పాట పాడి, చివరికి అల్లుడై కూర్చున్న అంజికి 39. ఎన్టీ రామారావు పుట్టింది 1923 మే 28న, సూర్యకాంతం పుట్టింది 1924 అక్టోబరు 28న. పుట్టిన తేదీలు చూస్తే అల్లుడే అత్తకంటే ఏడాదిన్నర పెద్ద. టిక్కెట్టు కొని హాల్లో కూర్చున్నవాళ్లెవరికీ ఆ అనుమానం రాలేదు. ఆయన నిక్కరు తొడుక్కుని వచ్చాడు, ఆవిడ కొంగు బిగించి వచ్చింది, కథ నడిచిపోయింది. విచిత్రమేమిటంటే, దానికి రెండు నెలల ముందే అదే రామారావు ‘భీష్మ’లో తెల్లగడ్డంతో కనిపించారు. 40 దగ్గరపడుతున్న మనిషి ఒకే వేసవిలో తాతలకు తాత అయ్యారు, నిక్కరు కుర్రాడూ అయ్యారు. జనం రెండింటినీ నమ్మారు.

వయసుకు తగ్గట్టు కట్టుకోవాలని మనవాళ్లు మాట వరసకు అంటారు గానీ, నిజానికి చూసేది వరసను. అత్త అయితే ఒక బట్ట, అల్లుడైతే ఒక బట్ట. ఎన్నేళ్లొచ్చాయన్నది తర్వాతి సంగతి.

పల్నాడు పిడుగురాళ్లలో మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో బట్టల కొట్లో ఓ గంట కూర్చుంటే ఇది కళ్లకు కడుతుంది. చీరలు పరిచే కుర్రాడు వచ్చినవాళ్ల వయసు అడగడు. “ఎవరికమ్మా, పెద్దామెకా కోడలికా?” అంటాడు. ఆ జవాబును బట్టి అతని చెయ్యి ఏ అరకు పోవాలో ఆ అరకు పోతుంది. పెద్దామె అంటే సన్నంచు నేత చీరలు, బూడిదరంగు, గంధం రంగు, మహా అయితే మంగళగిరి నిజాం అంచు. కోడలు అంటే జరీ మెరుపు. పెద్దామెకు 45 ఉండొచ్చు, ఇంకో ఇంటి కోడలికి 40 ఉండొచ్చు, తేడా అయిదేళ్లే. కానీ ఒకామె ఇంట్లో కొడుక్కి పెళ్లయింది, ఇంకో ఇంట్లో కాలేదు. చిలకపచ్చ చీర కాస్త ఎక్కువసేపు పట్టుకుని చూసిందంటే పక్కనున్న తోడికోడలే అందుకుంటుంది: “కోడలొచ్చినాక ఇంకా ఈ రంగులేందే?”

మగవాళ్ల సంగతి వేరు. ఇది నల్లరేగడి సీమ. పత్తి చేలోకి దిగేవాడు మల్లెపువ్వులాంటి పంచె కట్టడు, గళ్ల లుంగీయో పాత ప్యాంటో చాలు. ఎప్పుడూ తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన కండువాతో సెంటర్లో కనపడుతున్నాడంటే చేను కొడుకులకు అప్పగించాడనో, రాజకీయాల్లో తిరుగుతున్నాడనో అర్థం. ఆ రెండో రకానికి ఈ మధ్య 30 ఏళ్లకే తెలుపు వచ్చేస్తోంది. సున్నం బట్టీల ఊళ్లో తెలుపు కట్టడానికి ఇంకో లాభం కూడా ఉంది, దుమ్ము పడ్డా కనపడదు.

వీటన్నిటికీ బయట ఒక బట్ట ఉంది. మిరపకాయలు కోసే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఎండకు, ఘాటుకు, పురుగుమందుకు అదే అడ్డం. సాలులో వంగి ఉన్నప్పుడు వెనకనుంచి చూస్తే 20 ఏళ్ల పిల్ల ఎవరో, 60 ఏళ్ల అవ్వ ఎవరో పోల్చుకోలేం. అక్కడ వయసూ లేదు, వరసా లేదు, కూలి ఒక్కటే. ఆ అవ్వకు 60 అంటే పింఛను. 2019లో రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 60కి తగ్గించారు. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. అందుకని ఆధార్ కార్డులో ఏడాది ఎంత పడిందన్నది ఆమెకు జాతకం కంటే ముఖ్యం. వెనకటి వాళ్లకు పుట్టిన తేదీ బడిలో చేర్పించిన రోజున అయ్యవారు వేసిందే. బడి మొహం చూడనివాళ్లకు అదీ లేదు.

సినిమావాళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే తెలుగువాళ్లు వయసు వేషాలు నేర్చుకున్నది వాళ్ల దగ్గరే. మన తెనాలి పక్క రావికంపాడులో 1927 జూలైలో పుట్టిన గుమ్మడి వెంకటేశ్వరరావు 1955లో ‘అర్ధాంగి’ నాటికే తండ్రి అయిపోయారు. కొడుకుగా వేసిన అక్కినేని ఆయనకంటే పెద్ద. భార్యగా వేసిన శాంతకుమారి ఇంకా పెద్ద, ఆవిడ 1920లో పుట్టారు. 27 ఏళ్లకు నెత్తిన వేసిన ఆ తెల్లరంగు గుమ్మడిని జీవితాంతం వదల్లేదు. సూర్యకాంతం గతీ అంతే, ఒకసారి అత్త అయ్యాక మళ్లీ కోడలయ్యే దారి లేదు. ఆడవాళ్లకైనా, పక్క పాత్రల మగవాళ్లకైనా వేషం ముందుకే పోతుంది. వెనక్కి వచ్చే హక్కు హీరోకి మాత్రమే ఉండేది.

దానికి రామారావు కంటే సాక్ష్యం అక్కర్లేదు. 1972లో ‘బడిపంతులు’లో ఆయన రిటైరైన ముసలి మాస్టారు. మనవరాలిగా వేసిన చిన్నపిల్ల శ్రీదేవి. ఏడేళ్లు తిరిగేసరికి, 1979లో ‘వేటగాడు’లో ఆ మనవరాలే నాయిక, తాతగారు రంగురంగుల చొక్కాల్లో వానపాట పాడుతున్నారు. అప్పటికి ఆయనకు 56. మధ్యలో 1977లో ‘అడవిరాముడు’ బెల్‌బాటమ్‌లు ఉండనే ఉన్నాయి. ఆ ఏళ్లలో 50 దాటిన ఏ రైతో పిడుగురాళ్ల సంతలో ఆ చొక్కా తొడుక్కుని తిరిగితే పిల్లలు వెంటపడి అల్లరి చేసేవాళ్లు. హాల్లో మాత్రం ఆ రైతే ఈల వేశాడు.

అలాంటి మనిషికి 60 ముంచుకొచ్చింది. ఇకమీదట ఏం చేస్తారని విలేకరులు అడిగితే, 60 వచ్చాక నెలలో కొన్నాళ్లు జనం పనికి ఇస్తానన్నారు. 1982 మార్చి 29న పార్టీ పెట్టారు. రంగుల చొక్కాలు పోయి ఖాకీ వచ్చింది. పాత షెవర్లే వ్యాను చైతన్యరథమైంది, ఊరూరా దాని పైకెక్కి మాట్లాడారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయనకు 59. ఆ వెంటనే, ఫిబ్రవరిలో, ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కి దించారు. వేలమంది గుమాస్తాలు, పంతుళ్లు, ఇంజనీర్లు ఒక్క నెలాఖరుకు శాలువా కప్పించుకుని ఇంటికి వెళ్లారు. 55కే ముసలివాళ్లు అని సంతకం పెట్టిన చేతికి 59 ఏళ్లన్న సంగతి ఉద్యోగ సంఘాలు మర్చిపోతాయా! గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1984లో వయసు మళ్లీ 58 అయింది. 1985లో కోర్టు తీర్పు మాత్రం, తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందనే వచ్చింది.

మన పంచాంగంలో ఏళ్లకు 60 పేర్లు, ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తాయి. పుట్టిన ఏడాది పేరు తిరిగి వచ్చిందంటే ఒక చుట్టు పూర్తయినట్టు. రామారావు పుట్టింది రుధిరోద్గారిలో, ఆయనకు 60 నిండిన 1983 కూడా రుధిరోద్గారే. ఆ మే 28న విజయవాడలో ఆయన పార్టీ మహానాడుకు దేశంలోని ప్రతిపక్ష నాయకులు దిగారు. షష్టిపూర్తి నాడు మామూలు సంసారి కట్టేది పెళ్లి బట్టలు. ఉదయం ఉగ్రరథ శాంతి హోమం చేస్తారు, కలశాల నీళ్లు దంపతుల నెత్తిన పోస్తారు, తర్వాత ఎర్రంచు మధుపర్కాలు కట్టించి మళ్లీ మంగళసూత్రం ముడి వేయిస్తారు. పుట్టింటివాళ్లు ఆమెకు, పిల్లలు ఇద్దరికీ బట్టలు పెడతారు. కోడలొచ్చింది గనక బూడిదరంగు కట్టమన్న అదే బంధువర్గం, ఆ ఒక్క పూటకు అత్తను పెళ్లికూతుర్ని చేసి బుగ్గన చుక్క పెడుతుంది. వెనక్కి వచ్చే హక్కు హీరోకే ఉండేదని ఇందాక అన్నాను. ఈ పూట అది ఇంటావిడకూ దక్కుతుంది.

రామారావు ఇక్కడా లెక్క తప్పించారు. ముఖ్యమంత్రి అయ్యాక, చేతిలో అధికారం ఉండగా, కాషాయం కట్టారు. పెళ్లి బట్టలు 70 దాటాక కట్టారు. 1985లో భార్య బసవతారకం పోయారు. 1993 సెప్టెంబరులో, పిడుగురాళ్లకు దగ్గర్లోని నరసరావుపేటలో తెలుగు పాఠాలు చెప్పిన లక్ష్మీపార్వతిని పెళ్లాడారు. ఆ ఏడాది ఏప్రిల్లోనే ‘మేజర్ చంద్రకాంత్’లో మిలటరీ దుస్తుల్లో కనిపించారు. ఎవరు ఏమన్నా, ఏ వయసుకు ఏ బట్ట అన్న పట్టికను ఆయన అంతగా చింపినవాళ్లు తెలుగునాట ఇంకొకరు లేరు. ఆ ధైర్యం మన ఇళ్లలో ఆడవాళ్లు చేసి ఉంటే ఊరు ఊరుకునేదా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇప్పుడు పిడుగురాళ్లలో షష్టిపూర్తికి ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, డ్రోన్ కెమెరా. ఒకప్పుడు బ్రాహ్మణ, వైశ్య ఇళ్లకే పరిమితమైన తంతు రైతు ఇళ్లకూ వచ్చింది. రంగు నిర్ణయించేది పురోహితుడు కాదు, హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న మనవరాలు. “తాతయ్యా, అందరం లావెండర్” అని వాట్సాప్‌లో ఫొటో పెడుతుంది. తాతయ్య జన్మలో కట్టని రంగు అది. మడత జారకుండా వెల్క్రో పట్టీ ఉన్న పంచె కొంటారు, లోపల ఫోను పెట్టుకోవడానికి జేబు కూడా ఉంటుంది.

2026 ఉగాదితో వచ్చే ఏడాది పేరు పరాభవ, 60 ఏళ్ల కింద 1966లో వచ్చిందీ అదే. ఆ 1966లోనే 40 దాటిన రామారావు ‘పల్నాటి యుద్ధం’లో బ్రహ్మనాయుడిగా ఈ సీమ పెద్దరికాన్ని మోశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు షష్టిపూర్తి. వాళ్లలో సర్కారు బడి మాస్టార్లూ ఉన్నారు. రాష్ట్రంలో రిటైర్మెంట్ 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. అంచేత ఇప్పటి మాస్టారు సెలవు పెట్టి షష్టిపూర్తి చేసుకుంటారు. ఆదివారం మధుపర్కాలతో పీటల మీద కూర్చుని, సోమవారం ప్యాంటు తొడుక్కుని తొమ్మిదింటికల్లా ఫోనులో ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. ఇంకా రెండేళ్ల సర్వీసుంది.