అక్షరాన్ని బొమ్మ చేసి పెట్టిన రోజులు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ చూశారు కదా, ఆ గుండ్రటి బిల్డింగ్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అదే ఏడాది మే నెలలో సీఎస్ఎస్ రెండో వెర్షన్ వచ్చింది. వెబ్ పేజీలో ఫోటో ఇక్కడ, రాత అక్కడ అని కొలత చెప్పి నిలబెట్టే పద్ధతి అందులోనే ఉంది. బ్రౌజర్లు దాన్ని సరిగ్గా పాటించడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

అప్పటిదాకా అంతా టేబుళ్లే. మార్కుల పట్టికలా పేజీని గళ్లు చేసి ఒక గడిలో ఫోటో, పక్క గడిలో రాత పెట్టేవాళ్లు. మధ్యలో ఖాళీ కావాలంటే కంటికి కనబడని ఒక్క పిక్సెల్ బొమ్మను సాగదీసి ఇరికించడమే! 1997 చివర్లో వచ్చిన డ్రీమ్‌వీవర్ లాంటి సాఫ్ట్‌వేర్లతో ఆ గళ్ల కోడ్ చేత్తో రాసే బాధ తగ్గింది. ఇంగ్లీషుకు అది చాలు.

తెలుగు కష్టం వేరే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ మామూలు కంప్యూటర్లలో కనబడటం మొదలైంది 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాకే. ఈలోపు కొందరు ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్లు వాడారు. ఆ ఫాంటు మన దగ్గర లేకపోతే పేజీ నిండా పిచ్చి గుర్తులే. ఇంకొందరు ఫోటోషాప్‌లో వాక్యం తయారుచేసి, బొమ్మగా కోసి గడిలో పెట్టేశారు. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ వెతికితే దొరకదు, కాపీ కాదు. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది ఉత్త బొమ్మ.

యూనికోడ్ వచ్చాకా తిప్పలు పోలేదు. మేము కేస్లాపూర్ నాగోబా జాతర మీద పేజీ చేద్దామని పాత ఫోటోషాప్‌లో హెడ్డింగ్ కొడితే ల వత్తు కిందికి దిగలేదు. స్, లా పక్కపక్కనే కూర్చున్నాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం కూడా మనకు చాలదు. ‘రాష్ట్రీయ’ అని రాసి చూడండి: పైన గుడి దీర్ఘం, కింద ట వత్తు, క్రావడి. కింది వరుసకు తగలకుండా ఎలా ఉంటుంది?

ఇక గోండి సంగతి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల మీద పనిచేసింది ఎక్కడో కాదు, ఈ ఐటీ కంపెనీల పక్కనే గచ్చిబౌలిలో ఉన్న సెంట్రల్ యూనివర్సిటీలో. అక్కడి దళిత ఆదివాసీ అధ్యయన కేంద్రం, ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఆ పని చేశారు. 2018లో గుంజాల గోండి యూనికోడ్‌లోకి ఎక్కింది. అంతకు ముందు ఏడాదే, 1918లో మున్షీ మంగళ్ సింగ్ మసరాం తయారుచేసిన మసరాం గోండి లిపి ఎక్కింది. 2017లోనే పెద్ద బ్రౌజర్లలోకి సీఎస్ఎస్ గ్రిడ్ కూడా వచ్చింది. మళ్లీ గళ్లే, కాకపోతే ఈసారి దొంగ టేబుళ్లు అక్కర్లేదు. రెండు గోండి లిపులకూ గూగుల్ నోటో ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

అయినా మాకు కనబడిన గోండి పోస్టర్లన్నీ ఫోటోలే. తెలుగు ఇరవై ఏళ్ల కింద చేసిన పనే మనం ఇప్పుడు చేస్తున్నాం. కీబోర్డు దొరక్కపోవడం నిజమే, మేమూ ఒక్కో అక్షరం కోడ్ చూసి ఏరుకున్నాం. ఫాంటును పేజీకి జతచేసి, వరుసల ఎడం పెంచి, జాతర ఫోటో పక్కన గోండిలో ‘గుంజాల’ పెట్టాం. పేజీలో వెతికితే దొరికింది.

ఆ ఫైలు కావాల్సినవాళ్లు కామెంట్‌లో చెప్పండి.