పదకొండు గంటల ఆకలి

ముందు ఒక చిన్న జ్ఞాపకం. మూడో తరగతిలో నా పక్కన కూర్చునే అమ్మాయి రోజూ పదకొండయ్యేసరికి తల వాల్చేసేది. బద్ధకం అని సార్ లేపి నిలబెట్టేవారు. మేం నవ్వేవాళ్లం. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వస్తోందని చాలా రోజులకి తెలిసింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఖాళీ కడుపుకి పాఠం ఎక్కదు. ఈ సంగతి వందేళ్ల కిందటే పట్టుకున్నవాళ్లున్నారు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ శెట్టి. చెన్నైలో టి.నగర్ ఉంది కదా, ఆ 'టి' ఈయనే. తెలుగు కుటుంబం. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకి టిఫిన్ పెట్టాలని, ఒక్కో పిల్లాడికి రోజుకి అణా దాటకూడదని ఆ ఏడాది తీర్మానించారు. కానీ ప్రాథమిక విద్య నిధుల్ని తిండికి వాడకూడదని బ్రిటిష్ ప్రభుత్వం అడ్డుపడింది. 1925లో ఆగిపోయింది. అంటే తిండి చదువులో భాగం కాదన్నమాట!

తర్వాత 1950ల్లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్. తమిళనాట మధ్యాహ్న భోజనాన్ని పెద్ద ఎత్తున నడిపారు. 1995 ఆగస్టు 15న కేంద్రం దేశమంతా పథకం మొదలెట్టింది. అయితే చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా నెలకి 3 కిలోల ధాన్యం చేతికిచ్చేవి. ఆ ధాన్యం ఇంటిల్లిపాదికీ సర్దుకోవాల్సిందే, పిల్లాడి కంచంలోకి ఎంతొస్తుంది?

ఒక పక్క గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే ఇంకో పక్క జనం ఆకలితో ఉన్నారని 2001లో సుప్రీంకోర్టులో కేసు పడింది. నవంబర్ 28న కోర్టు తేల్చి చెప్పింది: వండిన భోజనమే పెట్టాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్, ఏడాదికి కనీసం 200 రోజులు. 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో వేడన్నం మొదలైంది. వంటవాళ్లుగా దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో కోర్టు చెప్పింది. కొన్ని ఊళ్లలో వాళ్లు వండింది తినొద్దని పిల్లల్ని ఆపారు కూడా. ఆకలి ఒక్కటే కాదు, పంక్తిలో మర్యాద కూడా పిల్లలకి అవసరమే కదా!

మా బడిలోనూ మధ్యాహ్నం అన్నం పెట్టేవారు. కానీ ఆ అమ్మాయి ఆకలి పదకొండుకే. 2022లో తమిళనాడు, 2023లో తెలంగాణ బడుల్లో పొద్దుటి టిఫిన్ మొదలెట్టాయి. 1920లో మొదలైంది కూడా టిఫినే! మధ్యలో వందేళ్లు పోయాయి.

మీ క్లాసులో ఎవరైనా తల వాల్చేస్తే నవ్వకండి. "ఏమైనా తిన్నావా?" అని ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.